శాంతి పాఠాలు చెబుతానని తగవులన్నీ నాకే అప్పగిస్తున్నారు

ఈ వారం ఉత్తరం అమెరికా నుంచి వచ్చింది. చాలా పెద్దది కాబట్టి పేర్లు, ఊళ్లు తీసేసి సారాంశం చెబుతాను.

రాసినావిడకి 37 ఏళ్లు. సొంతూరు ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాదులో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేసి, అమెరికాలో శాంతి, సంఘర్షణల అధ్యయనంలో పీహెచ్‌డీ చేశారు. ఇప్పుడు అక్కడే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. నాలుగో ఏడు నడుస్తోంది. ఆరో ఏట టెన్యూర్ ఫైలు పెట్టాలి. ఉద్యోగం శాశ్వతమవుతుందో, పెట్టె సర్దుకోవాలో అప్పుడు తేలుతుంది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మరో రాష్ట్రంలో ఉంటారు. ఆరేళ్ల బాబు ఈవిడ దగ్గరే.

ఆవిడ చిక్కులు మూడు. మొదటిది ఉద్యోగం. గాజా యుద్ధం మొదలయ్యాక వాళ్ల క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాయి. యాజమాన్యానికీ విద్యార్థులకీ మాటలు లేవు. ప్రొఫెసర్లు కూడా రెండుగా చీలిపోయారు. ఏ గొడవొచ్చినా ఈవిడకే ఫోను. ఇప్పుడు డీన్ ఏకంగా ఒక ‘సంభాషణ కేంద్రం’ పెట్టి డైరెక్టరుగా ఉండమంటున్నారు. బదులుగా ఆవిడ చెప్పాల్సిన కోర్సుల్లో ఒకటి తగ్గిస్తామని నోటిమాటగా చెప్పారు.

రెండోది ఆగిపోయిన పుస్తకం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో గూడేలు కట్టుకున్న గుత్తికోయలకీ అటవీశాఖకీ మధ్య పోడు గొడవల మీద ఈవిడ పీహెచ్‌డీ. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి హత్య జరిగాక ఆ ప్రాంతమంతా బిగుసుకుపోయింది. ఈవిడ పనిచేసిన గూడెం వేరే చోట ఉంది. అయినా అక్కడి పెద్దమనిషి ఒకరు, అటవీశాఖ ఉద్యోగి ఒకరు, ఇద్దరూ ఈవిడకే ఫోన్లు చేశారు. కొన్ని నెలలపాటు ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేశారు. ఒక తొలగింపు ఆగింది. “ఇదెక్కడా రాయను” అని ఇద్దరికీ మాటిచ్చారు. ఇప్పుడు ప్రచురణ సంస్థ పంపిన సమీక్షకులేమో 2022 తర్వాత ఏం జరిగిందో రాయకపోతే చివరి అధ్యాయం నిలబడదంటున్నారు.

ఇక మూడోది ఇల్లు. నాన్నకీ బాబాయికీ పొలం పంపకాల తగాదా. రోడ్డు పడ్డాక ధర పెరిగింది, దాంతోపాటు మాటలూ పెరిగాయి. బాబాయి ఫోన్ చేసి, “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ప్రపంచానికి శాంతి పాఠాలు చెప్పేదానివి, మన ఇంటికొచ్చేసరికి నోరు పెగలదేం?” అన్నారట.

చివర్లో ఇలా రాశారు: “కాదనడం చేతకాకే ఇదంతా. డీన్‌కి ఒప్పుకోనా? ఇండియా వచ్చేయనా? ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరిపోనా? అసలు నేను ఈ వృత్తికి పనికొస్తానా?”

*

అమ్మా, ఆ చివరి ప్రశ్న వదిలేద్దాం. అది అలసటలో పుట్టిన ప్రశ్న. ఈ మూడు పనులూ నెత్తినేసుకున్న ఎవరికైనా వస్తుంది.

కాదనడం చేతకాదని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు. నాకలా అనిపించలేదు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది వేరే. డీన్ దగ్గరా, ఇంట్లోనూ మిమ్మల్ని మధ్యవర్తిగా కూర్చోమంటున్నారు. ఆ రెండు చోట్లా మీరు కక్షిదారు. మొహమాటంతో సంబంధం లేకుండానే అక్కడ మీకు మధ్యస్థం కుదరదు. గూడెం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ మీరు నిజంగానే మధ్యవర్తి అయ్యారు. ఇప్పుడు మళ్లీ పరిశోధకురాలిగా మారాలని చూస్తున్నారు. మూడింటినీ ఒకే గాట కట్టేయడం వల్ల దేనికీ దారి దొరకట్లేదు.

డీన్ సంగతితో మొదలుపెడతాను, గడువున్నది దానికే కాబట్టి. రెండేళ్ల తర్వాత మీ ఫైలు మీద ఓటేసేదెవరు? మీ డిపార్ట్‌మెంటు సీనియర్లు, ఆపైన కాలేజీ కమిటీ, ఆపైన ఇదే డీన్, ఆ తర్వాత డీన్లందరికీ పైనుండే ప్రొవోస్టు. ఈ గొడవలో వీళ్లలో కొందరు ఒక పక్క ప్రకటన మీద సంతకం చేశారు, కొందరు రెండో పక్క చేశారు, కొందరు నిరసన శిబిరాల మీద చర్య తీసుకున్న యాజమాన్యమే. విద్యార్థులు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. వీళ్లు ఉంటారు. మీరెంత నిష్పక్షపాతంగా నడిపినా, ఏ ఒక్క రాజీ ఎవరికి నచ్చకపోయినా అది మీ ఫైలులో కనిపించదు, ఓటులో కనిపిస్తుంది. సంస్థల్లో ఫిర్యాదులు విని తగవులు సర్దే ‘ఆంబుడ్స్’ అని మీరుండే దేశంలో ఒక ఏర్పాటు ఉంది కదా. దాని ప్రమాణాలు నాలుగు: స్వతంత్రత, నిష్పాక్షికత, గోప్యత, లాంఛనాలు లేకపోవడం. వీటిని మీరు తరగతిలో చెప్పే ఉంటారు. టెన్యూర్ లేని మనిషిని, డీన్ కిందే, ఆ డీన్ కూడా ఒక పక్షమైన గొడవలో కూర్చోబెడితే మొదటి రెండూ పుట్టకముందే పోయినట్టు. డీన్ చెడ్డవారని నేననడం లేదు. ఆయనకి అవసరం ఉంది, మీరు ఎదురుగా ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో కూడా వంటింటి పని లాంటిదొకటి ఉంటుంది. అందరూ తింటారు, ఎవరూ లెక్క రాయరు, అది ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది.

మీ రంగంలో చదువు చెప్పడం, మధ్యవర్తిత్వం రెండూ కలిపి చేసినవాళ్లు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు. వాళ్లు ఎప్పుడు, ఎక్కడ నిలబడి చేశారో చూడండి. ఇజ్రాయెలీ, పాలస్తీనా ప్రముఖుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి దశాబ్దాల పాటు వర్క్‌షాపులు నడిపిన హెర్బర్ట్ కెల్మన్ అప్పటికే హార్వర్డులో స్థిరపడిన ప్రొఫెసరు. నైజీరియా అంతర్యుద్ధంలో యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్ల తరఫున రెండు పక్షాల మధ్యా తిరిగిన ఆడమ్ కర్ల్, 1973లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదటి శాంతి అధ్యయనాల ప్రొఫెసరుగా చేరేనాటికి యాభై దాటేశారు. మధ్యవర్తిత్వం ముందు, ఆ పేరుతో కుర్చీ తర్వాత.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాగా సరిపోతుంది. 2004 అక్టోబరులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్లకీ నేరుగా చర్చలు జరిగాయి. 1997 నుంచి దానికి దారి వేసిన పౌరుల కమిటీకి ముందు నిలిచింది ఎస్.ఆర్. శంకరన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆయన్ని నక్సలైట్లే కిడ్నాప్ చేశారు. పదేళ్ల తర్వాత ఆయనే వాళ్లకీ ప్రభుత్వానికీ మధ్య నిలబడ్డారు. ఆయనతోపాటు లాయర్లున్నారు, సీనియర్ పాత్రికేయులున్నారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు హరగోపాల్ ఉన్నారు. వీళ్లలో ఎవరి బతుకుతెరువూ రెండు పక్షాల్లో ఎవరి చేతిలోనూ లేదు. ప్రమోషన్ కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. అందుకే ప్రభుత్వాన్నీ విమర్శించగలిగారు, హింసకి నక్సలైట్లనీ తప్పుపట్టగలిగారు. 2005 జనవరికల్లా ఆ చర్చలు చెడిపోయాయి, ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. దాంతో ఆ పెద్దల గౌరవం తరిగిపోలేదు, ఉద్యోగాలూ పోలేదు. మీ కేంద్రం రేపు విఫలమైతే మీకు అలాంటి ఆసరా ఏముంది?

మీ ముందున్న దారులు చూద్దాం. ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే డీన్ సంతోషిస్తారు, క్యాంపస్‌లో మీ పేరు నలుగురికీ తెలుస్తుంది, మీకు సహజంగా వచ్చిన పనే చేస్తారు. పుస్తకం మరో రెండేళ్లు ఆగుతుంది. పుస్తకం లేని ఫైలుని మంచి మనసు కాపాడటం నేను చూడలేదు.

ఒప్పుకుంటూనే షరతులు పెట్టడం ఇంకో దారి. ఒక కోర్సు కాదు, ఏడాదికి రెండు తగ్గించమనండి. టెన్యూర్ గడియారాన్ని ఒక ఏడాది ఆపమనండి. ఈ పనిని ఫైలులో ఎలా లెక్కేస్తారో ఉత్తరం రాయించుకోండి. డీన్ సంతకం, డిపార్ట్‌మెంటు హెడ్ సంతకం రెండూ ఉండాలి, ఎందుకంటే డీన్లు మారిపోతారు. అన్నిటికంటే ముఖ్యం, టెన్యూర్ ఉన్న సీనియర్ ఒకరు సహ డైరెక్టరుగా ఉండి యాజమాన్యం పాలుపంచుకునే ప్రతి తగవూ తనే చూడాలి. మీరు విద్యార్థుల మధ్య సంభాషణలు, శిక్షణ వరకే. ఇవన్నీ అడిగితే డీన్ మొహం మారవచ్చు. మారితే, మిమ్మల్ని పిలిచింది మీ విద్య కోసమా, ఖాళీగా దొరికారనా అన్నది మీకే తెలిసిపోతుంది. అన్నట్టు మీరు హెచ్‌-1బి వర్క్ వీసా మీద ఉంటే, హోదా మారితే పిటిషన్ సవరించాలో లేదో అంతర్జాతీయ కార్యాలయంలో ముందే కనుక్కోండి.

నాకు ఎక్కువ నచ్చిన దారి మరొకటుంది. కేంద్రం కాకుండా కోర్సు పెట్టండి. సంభాషణ నడపడం ఎలాగో విద్యార్థులకి నేర్పే ప్రాక్టికల్ కోర్సు. అది మీ బోధన కింద లెక్కకొస్తుంది, క్యాంపస్‌కి నలుగురు శిక్షణ పొందిన పిల్లలు దొరుకుతారు, మీరు ఎవరి మీదా తీర్పరి కారు. నష్టమూ ఉంది. డీన్‌కి కావలసింది రేపటి గొడవకి మందు. ఇది వచ్చే ఏటి పంట. ఆయన ఆ పదవి వేరేవాళ్లకిస్తారు. వాళ్లు సరిగ్గా నడపకపోతే మీరు చూస్తూ ఊరుకోవాలి. మీలాంటివాళ్లకి అది అన్నిటికంటే కష్టం.

ఇప్పుడు పుస్తకం. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే.

మీ దగ్గరున్నది రెండు రకాల సమాచారం. మొదటిది పీహెచ్‌డీ రోజుల్లో అనుమతి పత్రం చదివి వినిపించి, ఒప్పుకున్నాక తీసుకున్న ఇంటర్వ్యూలు. రెండోది హత్య తర్వాత వచ్చిన ఫోన్లు. ఆ పత్రం ఈ ఫోన్లకి వర్తించదు. ఆ పెద్దమనిషి ఫోన్ చేసింది పరిశోధకురాలికి కాదు, రాత్రికి రాత్రి గూడెం ఖాళీ చేయిస్తారేమో అన్న భయంతో తనకి తెలిసిన ఒక చదువుకున్న మనిషికి. అటవీశాఖ ఉద్యోగి కూడా అంతే. తోటి అధికారి చనిపోయిన సమయంలో, పైవాళ్లకి తెలియకుండా, కోపం పెరగకుండా చూడటానికి ఆయన మాట్లాడారు. అవి మీ ‘డేటా’ కాదు. విశ్వవిద్యాలయం ఐఆర్‌బి (మనుషుల మీద చేసే పరిశోధనల్లో నైతికత చూసే కమిటీ) కూడా అదే అంటుందని నా అంచనా. వాళ్లని అడగకుండా ఒక్క వాక్యం కూడా వాడకండి.

పేర్లు మార్చి రాస్తే సరిపోదా అని రాశారు. మాటలు వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదన్న చాతమ్ హౌస్ నియమాన్నీ ప్రస్తావించారు. ఆ నియమం గదిలో ఇరవైమంది ఉంటే పనిచేస్తుంది. మీ కథలో ఉన్నది ఇద్దరు. ఒకరి పేరు దాచినా రెండోవారికి అది ఎవరో తెలుసు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకీ తెలుస్తుంది. గూడెం పేరు మార్చి, పక్క వాగు పేరూ రోడ్డు నుంచి దూరమూ రాస్తే ఉపగ్రహ చిత్రంలో పది నిమిషాల పని. పైగా ఆ గూడెం వాళ్ల చేతిలో కాగితం లేదు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకి వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడగాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ఊళ్లు తగలబడి ఆ తర్వాత నడిచొచ్చినవాళ్లకి ఆ తేదీయే గోడ. ఎస్టీ హోదా కూడా సరిహద్దు దాటి వెంట రాలేదు. అలాంటి చోట మీ చివరి అధ్యాయాన్ని విద్వాంసుల కంటే ముందు అటవీశాఖ చదవవచ్చు. ఆ ఉద్యోగి మీద శాఖాపరమైన విచారణ రావచ్చు.

మీరు చేయగలిగినవి మూడున్నాయి, మూడింటికీ ధర ఉంది. ఆ ఫోన్లని పూర్తిగా వదిలేయడం మొదటిది. 2022 తర్వాతి కథని బయట ఉన్న కాగితాలతోనే రాయండి: ప్రభుత్వ ఉత్తర్వులు, కోర్టు కేసులు, పత్రికల వార్తలు, మీ పాత ఇంటర్వ్యూలు. సమీక్షకులకి ‘నేను రాయని విషయం ఉంది, ఎందుకు రాయనో ఇదీ’ అని పద్ధతుల అధ్యాయంలో రెండు పేజీలు రాయండి. ఏం జరిగిందో ఆ రెండు పేజీల్లో కూడా ఆనవాలు దొరకకూడదు సుమా. ఇది ఓటమి కాదు. సంఘర్షణ ప్రాంతాల మీద రాసే మంచి పరిశోధకులు చాలామంది చేసేదే. పుస్తకం కొంచెం పలచబడుతుంది, కానీ ఈ ఏడాదిలో పూర్తవుతుంది.

మళ్లీ వెళ్లి అడగడం రెండోది. ఫోన్లో కాదు, నేరుగా వెళ్లాలి. కోయ భాష తెలిసిన, శాఖతో సంబంధం లేని మనిషిని వెంట తీసుకుని వెళ్లాలి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మీరు వాళ్ల ఇళ్లు నిలబెట్టారు. అలాంటి మనిషి అడిగితే ఆ పెద్దాయన కాదనగలరా? మొహమాటం కొద్దీ వచ్చే సరే, సరే కాదు. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు వద్దన్నా మీకు అక్కరకు రాదు, ఎందుకంటే ఇద్దరి మాటలూ ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి.

మూడోది కాలానికి వదిలేయడం. అన్నీ రాసి పెట్టుకోండి, తాళం వేయండి. ఆ ఉద్యోగి రిటైరయ్యాక, గూడెం సంగతి ఒక కొలిక్కి వచ్చాక, అప్పటికీ రాయాలనిపిస్తే అప్పుడడగండి. ఇది మొదటిదానితో కలిపి చేయవచ్చు.

నేను చూసినంతలో మీకు ఆగింది ఒక అధ్యాయం. మీరు మాత్రం పుస్తకమే ఆగిందనుకుని ఏడాదిన్నరగా ముట్టుకోలేదు. తొలగింపు ఆగడంలో మీ పాత్ర మీ సీవీలో ఎక్కడా ఉండదు, ఉండటానికి వీల్లేదు. అది మింగుడుపడక, ఎక్కడో ఒకచోట రాసుకోవాలన్న కోరిక ఈ అధ్యాయంలోకి జొరబడిందేమో ఒక్కసారి చూసుకోండి. కోరిక తప్పు కాదు.

ఇంటి తగవు గురించి నేను మీకంటే నిర్మొహమాటంగా చెబుతాను. ఆ పొలం పిత్రార్జితమైతే అందులో మీకూ వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలోనే ఆడపిల్లలకి ఆ హక్కు వచ్చింది, 2005 సవరణతో దేశమంతటికీ వచ్చింది. తండ్రి బతికున్నాడా లేడా అన్నదానితో పనిలేకుండా కూతురికి అది పుట్టుకతో వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీకు అడిగే ఉద్దేశం లేకపోవచ్చు. మీ బాబాయి పిల్లలకి మాత్రం ఆ లెక్క తెలిసే ఉంటుంది. రేపు మీరు ఎంత న్యాయంగా చెప్పినా పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు.

అలాగని ఇంటిని వదిలేయమనను. కృష్ణుడు కౌరవ సభకి వెళ్లినప్పుడు ఆయన ఏ పక్షమో తెలియనివాళ్లు ఆ సభలో లేరు. అయినా ఆ మాట చెప్పడానికి వెళ్లారు, అందరూ విన్నారు. యుద్ధం ఆగలేదనుకోండి, అది వేరే సంగతి. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా కలెక్టరుని మావోయిస్టులు ఎత్తుకెళ్లినప్పుడు కూడా మావోయిస్టులు మాజీ ఐఏఎస్ అధికారి బి.డి. శర్మని, పైన చెప్పిన హరగోపాల్‌ని కోరుకున్నారు, ప్రభుత్వం తనవాళ్లని పెట్టుకుంది. ఎవరి తరఫున ఎవరు వచ్చారో తెలిసిన చర్చ అది. కలెక్టరు క్షేమంగా బయటికొచ్చారు. మీరూ అలాగే, “బాబాయ్, నేను నాన్న కూతుర్ని, నాన్న మాటే చెబుతాను, మధ్యస్థం మాత్రం నా వల్ల కాదు” అనేయండి. బాబాయి విసిరిన ‘ఇంట గెలిచి’ సామెతకి ఇంతకంటే మంచి జవాబు దొరకదు. కొంత నిష్ఠూరం తప్పదు.

తీర్పరి కుర్చీలో ఎవరు కూర్చోవాలంటే, మీ నాన్న, బాబాయి ఇద్దరికీ మాట చెల్లే పెద్దమనిషి ఊళ్లో ఉంటే ముందు ఆయన. లేకపోతే ఖమ్మంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కేసు వేయకముందే అక్కడ మధ్యవర్తిత్వానికి పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అది వరమూ, ప్రమాదమూ. అందుకని సంతకానికి ముందు మీ నాన్న తన సొంత లాయరుకి ఆ కాగితం చూపించాలి. అన్నిటికీ ముందు సర్వే చేయించమనండి. గొడవలో సగం హద్దుదే అయితే సర్వేయరు తీర్చేది ప్రొఫెసరు తీర్చలేదు. మీకో హెచ్చరిక కూడా. అందరూ చల్లబడాలన్న ఆరాటంలో మీ హక్కు వదులుకుంటూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పెట్టాలనుకుంటే ఆరు నెలల తర్వాత, నిదానంగా ఆలోచించుకుని పెట్టండి. ఎవరూ కాదనరు.

ఇండియా వచ్చేయడం, స్వచ్ఛంద సంస్థలో చేరడం, ఈ రెండింటి గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అవి మీకు నిజంగా కావాలని మీ ఉత్తరంలో కనిపించలేదు. తప్పించుకోవడానికి తలుపులున్నాయా అని చూస్తున్నట్టుంది. అందుకని తలుపుల లెక్క మాత్రం చెబుతాను. మీ పీహెచ్‌డీ ఇచ్చిన విశ్వవిద్యాలయం ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉంటే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరు ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్ష నెట్ అక్కర్లేదు. అసోసియేట్‌గా నేరుగా రావాలంటే ఎనిమిదేళ్ల అనుభవం కావాలి, మీకు నాలుగే. అంటే మళ్లీ మొదటి మెట్టు. ఈ సబ్జెక్టు పేరుతోనే విభాగాలు తక్కువ: ఢిల్లీలో జామియా మిలియాలో నెల్సన్ మండేలా కేంద్రం, బెనారస్‌లో మాలవీయ కేంద్రం, గువాహటిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్). తెలుగు రాష్ట్రాల్లోనైతే పొలిటికల్ సైన్సు, సోషల్ వర్కు, లా కాలేజీల తలుపులే తట్టాలి. నెట్ పరీక్షలో మీ సబ్జెక్టుని బౌద్ధ, జైన, గాంధేయ అధ్యయనాలతో కలిపి ఒకే గంపలో పెట్టారు, దాన్నిబట్టే ఇక్కడి గిరాకీ అర్థమవుతుంది. మీరుండే వైపు చూస్తే, అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులైలో మూతపడింది. 1984లో అక్కడి కాంగ్రెస్ పెట్టిన శాంతి సంస్థ ఉద్యోగుల్ని ఆ ఏడాది మార్చిలోనే తీసేశారు, ఆ వ్యవహారం కోర్టుల్లో నలిగింది. ఆ డబ్బు మీద నడిచిన సంస్థల నుంచి బయటపడ్డవాళ్లు, ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఇప్పుడు అవే కొద్దిపాటి ఉద్యోగాలకి మీతో పోటీకొస్తారు. వెళ్లొద్దని కాదు. వెళ్లాలనుకుంటే పుస్తకం చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఇక్కడైనా అక్కడైనా చెల్లే నాణెం అదే.

మీ ఉత్తరంలో డీన్ గురించి రెండు పేజీలున్నాయి, బాబాయి గురించి పేజీ ఉంది. భర్త గురించి ఒకే వాక్యం: “ఆయన అర్థం చేసుకుంటారు.” ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నది మీ టెన్యూర్ కోసమే అయితే, డీన్‌కి ఏ జవాబు చెప్పినా ఆ దూరం ఎన్నేళ్లో నిర్ణయమయ్యేది దాంతోనే. గడియారం ఒక ఏడాది ఆపమని అడిగితే ఆయనకీ బాబుకీ కూడా ఒక ఏడాది పెరుగుతుంది. టెన్యూర్ రాకపోతే మామూలుగా ఇచ్చే చివరి ఏడాది తర్వాత ఉద్యోగం పోతుంది. హెచ్‌-1బి మీదుంటే ఆపైన అరవై రోజులే. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఎవరి ఉద్యోగం మీద ఉందన్నది కూడా అప్పుడు బయటికొస్తుంది. ఆయన ఇంటి నుంచే పనిచేసే వీలుందా, లేదా మీ ఊరికి దగ్గర్లో ఉద్యోగం చూసుకోగలరా, అసలు ఆయనకి ఎక్కడ ఉండాలనుంది, ఇవి డీన్‌కి ఉత్తరం రాయకముందు తేలాల్సినవి. అర్థం చేసుకునే మనిషిని కూడా అడగాలి.

మీ దగ్గర మూడో ఏటి సమీక్ష లేఖ ఉంటుంది. డీన్‌ని కలవకముందు దాన్ని తీసి చదవండి. అందులో విశ్వవిద్యాలయానికి చేసిన సేవ గురించి ‘అసాధారణం’ అనీ, పరిశోధన గురించి ‘ఆశాజనకం’ అనీ ఉంటే కమిటీ మీకు అప్పుడే చెప్పాల్సింది చెప్పేసింది. ఆ లేఖనే డీన్ ముందు పెట్టి, “మీరు ఇచ్చే పని ఇందులో రెండో మాటని మారుస్తుందా?” అని అడగవచ్చు. ఇక సమీక్షకులకి జవాబు మాత్రం ఈ నెలాఖరులోపు పంపేయండి. ఆ ఫోన్ల అధ్యాయం లేకుండా పుస్తకం ఎలా ఉంటుందో ఒక పేజీలో రాసి పంపితే చాలు, ప్రచురణ సంస్థ ఏమంటుందో చూసి మిగతావి మాట్లాడుకుందాం. మళ్లీ రాయండి.